నూజివీడు బస్సులో తెల్ల తువ్వాలు

తెల్లవారేసరికి గాలి ఆగింది, మబ్బు మాత్రం విడలేదు. రాత్రి వీచిన ఈదురుగాలికి హనుమాన్ జంక్షన్ దగ్గర కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. మా ఫ్యాక్టరీలో మామిడి గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపుతారు. నేను అక్కడ ఫిట్టర్‌గా పని చేస్తాను. సాయంత్రానికి గానీ లైను రాదని తెలిశాక పైపుల్లో మిగిలిన గుజ్జు దించేసి, నీళ్లతో కడిగి, మోటార్ల మీద పట్టాలు కప్పాం. సీజన్లో పగటిపూట ఖాళీ దొరకడం అరుదు. చేతులు తుడుచుకుంటుంటే మత్తియాస్ వచ్చి, "అయితే ఇవాళ చెట్టు చూడొచ్చా?" అని అడిగాడు.

మత్తియాస్ జర్మనీ మెకానిక్. కొత్త ఫిల్లింగ్ మిషను బిగించడానికి వచ్చి కొన్ని వారాలుగా ఫ్యాక్టరీ గెస్ట్ హౌస్‌లో ఉంటున్నాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. మేమిద్దరం మాట్లాడుకునేది వచ్చీ రాని ఇంగ్లీషులో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆ రాత్రే గన్నవరం నుంచి అతని విమానం. ఇన్ని వారాలూ మామిడిని అతను గొట్టంలో పారే పసుపు గుజ్జుగానే చూశాడు. తోటకి కారు పంపిస్తానని మేనేజరు అన్నాడు. మత్తియాస్ వద్దన్నాడు. బస్సులోనే వెళ్లాలి, అది కూడా తువ్వాలు విసిరి సీటు పట్టుకుని వెళ్లాలి అన్నాడు.

దానికో కారణం ఉంది. సాయంత్రాలు జంక్షన్‌లో టీ కొట్టు దగ్గర నిలబడి అతను చూసేది అదే. బస్సు పూర్తిగా ఆగకముందే జనం దాని పక్కన పరుగెత్తుతూ కిటికీల్లోంచి తువ్వాళ్లు, కర్చీఫులు, సంచులు, ఒక్కోసారి చెప్పులు కూడా లోపలికి వేస్తారు. వస్తువు పడిన సీటు ఆ మనిషిది. మొదటిసారి చూసి నవ్వాడు, తర్వాత వాళ్ల సంగతి చెప్పాడు. సెలవులకి సముద్రం పక్క హోటళ్లకి వెళ్తే జర్మన్లు అందరికంటే ముందు లేచి, ఈతకొలను చుట్టూ ఉన్న పడక కుర్చీల మీద తువ్వాళ్లు పరిచి, మళ్లీ వెళ్లి పడుకుంటారట. టిఫిన్ తిని తీరిగ్గా వచ్చేదాకా ఆ కుర్చీలు అలాగే ఉంటాయట. మిగతా దేశాలవాళ్లు దీని మీద జోకులు వేసుకుంటారట.

"మా అమ్మ పరిచేది. మా నాన్న ఆ తువ్వాలు మాది కానట్టు దూరంగా నిలబడేవాడు" అన్నాడు.

"ఎవరూ తీసెయ్యరా?" అని అడిగాను.

"ఇంకొకరి తువ్వాలు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే గొడవే."

తమ దేశంలో సిగ్గుపడుతూ చేసే పని ఇక్కడ అందరి ముందూ కేకలు వేసుకుంటూ చేస్తున్నారని అతనికి ముచ్చట. వెళ్లేలోగా ఒక్కసారి తను కూడా విసరాలి.

జంక్షన్ నుంచి నూజివీడుకి ఉదయం నుంచీ బస్సులు తరచుగానే ఉంటాయి. ప్రయాణం ముప్పావు గంట, టికెట్టు నలభై రూపాయల లోపే. ఆడవాళ్లకి ఉచితం అయ్యాక పొద్దున పూట రద్దీ పెరిగింది కాబట్టి ఏడు లోపల ఎక్కడం మంచిది. మత్తియాస్ గెస్ట్ హౌస్ స్నానాల గదిలోంచి తెల్ల తువ్వాలు తెచ్చాడు. మందంగా, దుప్పటంత ఉంది. కర్చీఫులో తాళంచెవి ముడేసి విసిరితే చాలు, సూటిగా పడుతుంది అని చెప్పాను. వినలేదు. బస్సు రాగానే అందరితో పాటు పరుగెత్తి విసిరాడు. తువ్వాలు గాలిలోనే విచ్చుకుని, అప్పటికే లోపల కూర్చున్న ఒకావిడ నెత్తి మీద పడి, పక్క సీటు మీదికి కూడా జారింది.

ఆవిడ దాన్ని తల మీంచి తీసి, "ఏంటండీ ఇది, పెళ్లిలో అడ్డుతెరా?" అంది.

"కాదే, రెండు సీట్లకీ కొలిపించి తెచ్చుకున్నాడు" అంది వెనక సీటావిడ.

మత్తియాస్ రెండు చేతులూ జోడించి క్షమాపణ చెప్పుకుంటూ ఎక్కాడు. ఇతను ఇన్నాళ్లూ చూసి నేర్చుకున్నాడని కండక్టరుకి చెప్తే, "ఇంకో వారం చూడాల్సింది" అన్నాడు. చివరికి వెనక వరసలో ఇద్దరికీ చోటు దొరికింది. మత్తియాస్ దారంతా తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి తోటలు చూస్తూ కూర్చున్నాడు.

మీర్జాపురం దాటాక తోటల స్టాపులో దిగి కొంచెం లోపలికి నడిస్తే రాఘవరావు గారి తోట. మా ఫ్యాక్టరీకి ఆయనే కలెక్టరు రకం మామిడికాయ తోలుతారు. ముందు ఫోన్ చేసి అడిగితే ఇక్కడి రైతులు తోట చూడనిస్తారు, డబ్బు అడగరు, కాయ కొనుక్కోమంటారు అంతే. గాలికి రాలిన కాయ చెట్ల కింద పరుచుకుని ఉంది. ఆడవాళ్లు వంగి ఏరుతున్నారు. పగిలింది ఒక కుప్ప, పగలనిది ఒక కుప్ప. మగవాళ్లు ఇంకో గాలి వచ్చేలోగా చెట్టు మీది కాయ దించుతున్నారు. పొడుగాటి కర్ర చివర వల సంచి కట్టి ఉంటుంది, దాన్ని చిక్కం అంటారు. కాయని సంచిలోకి తీసుకుని తొడిమ తెగేలా లాగాలి.

చిక్కం పట్టేవాళ్లలో సూరయ్య అనే అతను మత్తియాస్‌కి కర్ర అందించాడు. మత్తియాస్ నాలుగు కాయలు బాగానే దించాడు. అయిదోది కోస్తుంటే తొడిమ దగ్గర్నుంచి సొన చిమ్మి ముంజేతి మీద పడింది. సూరయ్య గబుక్కున తలకి చుట్టుకున్న తువ్వాలు లాగి తుడిచాడు.

"ఉంచుకోకూడదండి. బొబ్బలెక్కుద్ది."

ఆ తువ్వాలు ఆకుపచ్చ అంచుది. నిండా సొన మరకలు, నల్లగా. ఒక మూల బీడీ కాలిన చిల్లు, దానికి పసుపు దారంతో కుట్టు.

మధ్యాహ్నం భోజనం తోటలోనే. రాఘవరావు గారి పనివాళ్లకి వంట చేసే రత్తమ్మ గారు నన్ను పక్కకి పిలిచి, "ఆయన అన్నం తింటాడా, బ్రెడ్డు తెప్పించమంటారా?" అని అడిగింది. తింటాడన్నాను. రాలిన కాయతో వేసిన మామిడికాయ పప్పు, వడియాలు, పెరుగు. చివర్లో చిన్నరసం పండు చేతికిచ్చింది. మత్తియాస్ చాకు కోసం చూశాడు. "కొయ్యకూడదు, పిసకమనండి. గట్టిగా కాదు, చొక్కా మీద పడుద్ది" అంది. చొక్కా మీద పడనే పడింది. రత్తమ్మ గారు ముందే తెచ్చి పెట్టుకున్న చెంబు అందించింది.

చేతులు కడుక్కుంటుంటే సూరయ్య రాఘవరావు గారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒక గంట నూజివీడు ఎల్లొస్తానండి. రెండున్నర బస్సుకి తువ్వాలెయ్యాలి."

"మొన్నే కదయ్యా వెళ్లొచ్చావు."

"అది పోయిన వారానిదండి."

ఆయన వెళ్లమన్నట్టు చెయ్యి ఊపారు. మత్తియాస్‌కి తువ్వాలు అన్న మాట అప్పటికే వచ్చు. ఎందుకని అడిగాడు. సూరయ్యే చెప్పాడు. అతని భార్య కాలవ గట్టు మీద జారి పడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. వారం వారం విజయవాడలో డాక్టరుకి చూపించాలి. మర్నాడు పొద్దున్నే చూపించాలి కాబట్టి ఇవాళే వెళ్లి చెల్లెలి ఇంట్లో పడుకుంటుంది. మోకాలు వంగదు. బస్సులో తలుపు పక్క మొదటి సీటయితే ఎదురుగా ఇంకో సీటు ఉండదు, కాలు చాపుకోవచ్చు. కానీ బస్సు నూజివీడులోనే నిండిపోతుంది, తోటల స్టాపుకి వచ్చేసరికి నిలబడటానికే చోటుండదు. పోయిన వారం సూరయ్య వెళ్లేసరికే ఆ సీటు పోయింది. జంక్షన్ దాకా నిలబడే వెళ్లింది. కాలు వాచిపోయింది.

"ఇంకోసారి ఇట్టా అయితే మళ్లీ కొయ్యాలన్నాడండి డాక్టరు" అన్నాడు సూరయ్య.

ఫ్యాక్టరీ కారు అడుగుతానన్నాడు మత్తియాస్. నేను ఆ మాట చెప్పాను. సూరయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఇయాల పంపుతారండి. వచ్చే వారం ఎవరు పంపుతారు? బస్సయితే ఉంటది."

అతను బండి మీద నూజివీడు వెళ్లి, బయల్దేరబోయే బస్సులో ఆ సీటు మీద తువ్వాలు వేసి, కండక్టరుకి చెప్పి, వెనక్కి వచ్చి భార్యని స్టాపుకి తెస్తాడు. ఇంకా ఎక్కని మనిషి కోసం, తను ఉండకుండా, తువ్వాలు మాత్రం ఉంచి వెళ్లడం. "ఇది అచ్చంగా మా పద్ధతి" అన్నాడు మత్తియాస్. ఆ మాట కొంచెం గర్వంగానే అన్నాడు.

మేము ఎలాగూ నూజివీడు మార్కెట్ చూసి అదే బస్సుకి తిరిగి రావాలి. కాయ వేసుకుని వెళ్లే ట్రాలీ ఆటో వాళ్లు ఊరికే ఎక్కించుకున్నారు. మామూలు ఆటో అయితే మనిషికి యాభై అడుగుతారు. మార్కెట్‌లో గాలికి రాలిన కాయ ఒక్కసారిగా వచ్చిపడి, కొనేవాళ్లు ముఖం తిప్పుకుని తిరుగుతున్నారు. మామూలు రోజుల్లో చూడాలంటే పొద్దున తొమ్మిది లోపల రావాలి, మధ్యాహ్నానికి మిగిలేది గడ్డీ పేపర్లూ. మేము బస్టాండుకి వచ్చేసరికి సూరయ్య అప్పటికే ఒక బస్సు కిటికీ కింద నిలబడి ఉన్నాడు. ఆకుపచ్చ అంచు తువ్వాలు మొదటి సీటు మీద ఉంది. కండక్టరు ఇంకా రాలేదు, సూరయ్యకేమో టైమవుతోంది.

"మీరీ బస్సుకేనా అండీ? కాస్త చూస్తుండండి. మా ఆడమనిషి తోటల స్టాపులో ఎక్కుద్దని కండక్టరుకి చెప్పండి" అని బండి ఎక్కి వెళ్లిపోయాడు.

మత్తియాస్ ఆ కిటికీ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను సోడా తాగుదామంటే రానన్నాడు.

కాసేపటికి డ్రైవరు వచ్చి ముందు అద్దం దగ్గర బోర్డు మార్చాడు. కండక్టరు కూడా వచ్చి "విజయవాడ, వయా ఆగిరిపల్లి" అని కేక పెట్టాడు. ఆగిరిపల్లి దారి వేరు, ఆ బస్సు తోటల స్టాపుకి రానే రాదు.

"ఇది జంక్షన్ మీదుగా కదండీ వెళ్లేది?" అన్నాను.

"రోజూ ఇదేనండి. ఇవాళ మారింది. జంక్షన్ మీదుగా పోయేది అదిగో, ఆ చివర."

ఆ చివర బస్సుకి అప్పటికే జనం ఎగబడుతున్నారు. తువ్వాలు తీసుకుని పరుగెత్తమని మత్తియాస్‌కి చెప్పాను. అతను కదల్లేదు.

"అది అతనిది. నేను తీయకూడదు."

"బస్సు తప్పు. తీయకపోతే ఆవిడకి సీటుండదు."

"అయితే నాది వేస్తాను" అని తన తెల్ల తువ్వాలు పట్టుకుని పరుగెత్తాడు. ఈసారి గురి తప్పలేదు. మొదటి సీటు మీదే పడింది. కాకపోతే ఆ సీటు మీద అప్పటికే ఒక గంప ఉంది. గంప తాలూకు పెద్దావిడ మెట్టెక్కి వచ్చి తెల్ల తువ్వాలు రెండు వేళ్లతో పైకెత్తింది. మామిడి తాండ్ర అమ్ముకునే మనిషి.

"ఎవరిది ఇది?"

"మాదేనండి. మాకోసం కాదు. కాలికి ఆపరేషన్ అయినావిడ తోటల స్టాపులో ఎక్కాలి" అన్నాను.

"అందరూ అదే చెప్తారు. నాకు మోకాళ్లు లేవా? ఎవరావిడ?"

"సూరయ్య గారి భార్య."

"మా ఊళ్లోనే ముగ్గురు సూరయ్యలున్నారు. ఆవిడ పేరు?"

పేరు నేను అడగలేదు. తెలియదన్నాను.

"పేరు తెలియని మనిషికి సీటు పట్టారా?" అందావిడ. వెనకవాళ్లు నవ్వారు. "ఆ సూరయ్య తువ్వాలు వెయ్యలేదా?"

"వేశాడండి. ఆ బస్సులో ఉంది."

"ఈ బస్సు సీటుకి ఆ బస్సులో తువ్వాలా?" అన్నాడు ఎవరో. ఈసారి అందరూ నవ్వారు.

ఆవిడ తెల్ల తువ్వాలు నా చేతిలో పెట్టి, "అది తెండి, చూద్దాం" అని గంప పక్కన సగం సీటు మీద కూర్చుంది. ఆగిరిపల్లి బస్సు అప్పటికే హారన్ కొట్టి వెనక్కి తిరుగుతోంది. సూరయ్య తువ్వాలే కావాలి, మనది చెల్లదు అని మత్తియాస్‌కి చెప్పాను. అతను నా వైపు ఒకసారి చూసి పరుగెత్తాడు. అంత ఒళ్లున్న మనిషి అలా పరుగెత్తడం ఫ్యాక్టరీలో ఎప్పుడూ చూడలేదు. గేటు దగ్గర బస్సు పక్కన అరచేత్తో కొట్టాడు. డ్రైవరు బ్రేకు వేశాడు. మొదటి సీట్లో కూర్చున్న మనిషి సూరయ్య తువ్వాలుని ముందు కడ్డీకి వేలాడదీసి ఉంచాడు. మత్తియాస్ కిటికీ కింద నిలబడి చేతులు చాపి తువ్వాలు వైపు చూపిస్తుంటే, ఆ మనిషికి ఏం అర్థమయిందో గానీ దాన్ని తీసి బయటికి విసిరాడు. మత్తియాస్ రెండు చేతులతో పట్టుకున్నాడు.

పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. సొన మరకలు చూసింది. చిల్లు దగ్గర ఆగింది.

"ఈ పసుపు దారం నా దగ్గర పట్టుకెళ్లిందే. ఇది మంగమ్మ మొగుడిది. మంగమ్మకని చెప్తే సరిపోయేది కదండీ, ఇంత గొడవెందుకు?" అని గంప ఎత్తి, తువ్వాలు సీటు మీద నిడివిగా పరిచి, వెనక సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది.

బస్సు బయల్దేరాక మాకు ఇక పని లేకుండా పోయింది. ఇక్కడి రివాజు ప్రకారం తువ్వాలు బస్సు కదిలేదాకానే పని చేస్తుంది, కదిలాక మనిషి లేకపోతే సీటు ఎవరిదైనా కావచ్చు. కండక్టరు వచ్చి ఆ మాటే అనబోయింది. ఈ బస్సు కండక్టరు ఆడమనిషి. మత్తియాస్ డబ్బులు తీసి ఆ సీటుకి టికెట్టు ఇవ్వమన్నాడు.

"తువ్వాలుకి టికెట్టు కొట్టే బటన్ లేదండీ నా మిషన్లో" అంది.

"అది మంగమ్మది. తోటల స్టాపులో ఎక్కుద్ది" అంది వెనక నుంచి పెద్దావిడ. కండక్టరు వెనక వరసలకి వెళ్లిపోయింది. ఊరి చివర ఎక్కిన ఇద్దరు ముగ్గురు ఖాళీ సీటు చూసి ఆశపడ్డారు. వాళ్లకీ ఆవిడే చెప్పింది, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా, ఆఖరి మనిషికి కొంచెం తిట్టి.

తోటల స్టాపులో ట్రేలు మోసే ట్రాలీ ఆటో ఆగి ఉంది. వెనక గడ్డి మీద కాలు చాపుకుని మంగమ్మ కూర్చుంది. సూరయ్య, ఇంకో మనిషి పట్టుకుని ఎక్కించారు. ఆమె వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, రెండు చేతులతో కాలు ఎత్తి ముందుకి చాపుకుంది. సూరయ్య బస్సు పైనుంచి కిందిదాకా చూశాడు.

"నేనేసింది ఈ బస్సు కాదే."

"నువ్వేసింది ఆగిరిపల్లి పోయింది. బోర్డు చూడకుండా వేస్తావేంట్రా?" అంది పెద్దావిడ.

అతను మా వైపు చూశాడు. మంగమ్మ తన కింద నుంచి తువ్వాలు లాగి కిటికీలోంచి అతని భుజం మీదికి వేసింది.

"తలకి చుట్టుకో. ఇంకా కాయ దించాలిగా."

బస్సు గుంటలో పడ్డప్పుడల్లా ఆమె మడమ ఇనప రేకుకి తగులుతోంది. మత్తియాస్ తెల్ల తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, వంగి మడమ కింద ఉంచాడు.

"తెల్లది కదండీ, మాసిపోద్ది" అందామె.

"పోనివ్వండి" అన్నాను.

జంక్షన్‌లో మేము దిగేటప్పుడు ఆమె తువ్వాలు తీయబోయింది. మత్తియాస్ వద్దని తల ఊపి, వచ్చే వారం సీటు మీద అదే వేసుకోమని నాతో చెప్పించాడు. మంగమ్మ నవ్వింది. "ఇంత తెల్లది వేస్తే ఎవరిదో ఎవరికి తెలుసుద్దండీ? ఎవరూ ఆగరు. కాలి కింద పెట్టుకుంటాను" అంది. నేను మత్తియాస్‌కి అలాగే చెప్పాను.

తర్వాత టీ తాగుతూ అన్నాడు, తమ దగ్గర తువ్వాలు ఎవరిదో ఎవరికీ తెలియనక్కర్లేదని, తువ్వాలు ఉంటే చాలని. ఇక్కడ అది ఎవరిదో ఒకరికైనా తెలియాలి. రెంటిలో ఏది మంచిదో నేను చెప్పలేను. ఆ పెద్దావిడ మంగమ్మకి తెలిసిన మనిషి కాకపోయి ఉంటే మేము ఏ తువ్వాలు తెచ్చినా లాభం ఉండేది కాదు. తెలిసినవాళ్లు లేని మనిషి ఆ బస్సు ఎక్కితే నిలబడే వెళ్లాలి. అయినా ఇప్పుడు జంక్షన్‌లో బస్సు వచ్చినప్పుడల్లా లోపలికి ఎగిరే తువ్వాళ్లని ముందులా చూడలేకపోతున్నాను. ప్రతి దాని వెనకా కాలు చాపుకోవాల్సిన మనిషి ఉండరు. అలాంటి మనిషి ఉన్న తువ్వాలు ఏదో బయటికి తెలియదు.

గెస్ట్ హౌస్ చూసుకునే అతను తువ్వాలు ఒకటి తగ్గిందేంటని అడిగాడు. విజయవాడ వెళ్లిందని చెప్పాను.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. నూజివీడు బస్టాండులో తువ్వాలు వేసే ముందు బోర్డు చూడండి, చూశాక కండక్టరుని కూడా అడగండి. బోర్డు మీ తువ్వాలు పడ్డాక కూడా మారవచ్చు.

మంగమ్మ మూడుంబావుకి జంక్షన్ దాటి అదే బస్సులో విజయవాడ వెళ్లింది. మత్తియాస్ చీకటి పడకముందే గన్నవరం బయల్దేరాడు.